ఫార్మాట్ అనే మాట పలకని అన్న

మా ల్యాబ్ అన్న పోయాడన్న కబురు చేవెళ్లలో ఒక తొట్టెల ఫంక్షన్ మధ్యలో అందింది. నా భుజం మీద కెమెరా ఉంది. ఎదురుగా పూలు కట్టిన తొట్టె, అందులో పాప, చుట్టూ పాట పాడుతున్న ఆడవాళ్లు. బ్యాగులో ఫోన్ ఆగకుండా మోగుతుంటే ఒక చేత్తో తీశాను. "చెల్లె, మీ అన్న లేడు" అంది వదిన. పొద్దున్నే ఛాతీలో మంట అన్నాడని, దవాఖాన గేటు దాకా కూడా పోలేదని తర్వాత తెలిసింది. పాప పండుగను ఆపమనలేం కదా, షూటింగ్ పూర్తి చేశాను. ఆ రోజు తీసినదాంట్లో తొట్టె కన్నా నా కెమెరానే ఎక్కువ ఊగింది.

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. రేపు నా కంప్యూటర్ మొరాయిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్న భయం. మనిషి పోయిన రోజున ఇదా నీ ఆలోచన అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఆయనైతే ఏమీ అనుకునేవాడు కాదు, ఎందుకంటే నేను చూసిన మనుషుల్లో అందరికన్నా భయస్తుడు ఆయనే. ఆ భయాన్నే నాకు పనిగా నేర్పాడు.

ల్యాబ్ అంటే రక్తపరీక్షల ల్యాబ్ కాదు, మిక్సింగ్ ల్యాబ్. పెళ్లి వీడియోలను కోసి, అతికి, పాటలు పెట్టి ఇంటికి పంపే చోటు. మొయినాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద, టైర్ల దుకాణం పైన ఉండేది. ఆ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో మీ పెళ్లి జరిగి ఉంటే, మీ తలంబ్రాలు ఆయన చేతుల మీదుగా పోయి ఉండొచ్చు. మీ తలల మీద గులాబీ రేకులు రాలే ఎఫెక్ట్ ఉంటే ఆయన్ని తిట్టుకోకండి, అది మీ మేనమామే అడిగి ఉంటాడు. నేను పని నేర్చుకున్నది అక్కడే. తర్వాత చేవెళ్లలో చిన్న స్టూడియో పెట్టుకున్నా, ప్రతి చిన్నదానికీ ఆయన్నే పిలిచేదాన్ని.

మా వైపు కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా జనం ఒకటే మాట అంటారు, "జర ఫార్మాట్ కొట్టు." నెమ్మదిగా నడిచినా అదే, స్పీకర్ పలకకపోయినా అదే, తెర మీద బొమ్మలు పెద్దవైనా అదే. కటింగ్ కొట్టించుకున్నంత తేలిగ్గా అంటారు. ఉన్నదంతా తుడిచిపెట్టడం అని దానికి అర్థమని అనేవాళ్లలో చాలామందికి తెలియదు. రిపేరుకే కంప్యూటర్ల దగ్గర వాడే పేరు అది అనుకుంటారు.

నేను ల్యాబ్‌లో చేరకముందు షాబాద్ వైపు నుంచి ఒక రైతు కంప్యూటర్ డబ్బా తెచ్చి అలాగే అడిగాడట. ఆ సంగతి మా అన్న ఎన్నోసార్లు చెప్పేవాడు, ప్రతిసారీ గొంతు తగ్గించి. "లోపట ఏమన్న ఉన్నదా అని అడిగిన చెల్లె. ఏం లేదన్న, కొట్టు అన్నడు. కొట్టిన." తర్వాత ఆ మనిషి మళ్లీ వచ్చాడు. డబ్బా మంచిగా నడుస్తున్నదని సంతోషంగా చెప్పి, మా అవ్వ ఫోటోలు ఎక్కడికి పోయినయన్నా అని అడిగాడు. ఏం లేదు అన్నప్పుడు ఆ రైతు ఉద్దేశం పెద్ద రోగమేం లేదు, జర స్లో అని. మా అన్న అర్థం చేసుకున్నది లోపల ఏమీ లేదని. అవ్వ, అంటే ఆయన తల్లి, అప్పటికే చనిపోయింది. ఆ రైతు గొడవ పడలేదు, "ఏం జేస్తం అన్న" అని చాయ్ తాగి పోయాడు. "రెండు దెబ్బలు కొట్టినా బాగుండు" అనేవాడు మా అన్న.

ఫార్మాట్ అన్న మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు నేను. ఎవరు వచ్చినా ఎదురు ప్రశ్న వేసేవాడు, "మంచిగ చెయ్యాల్నా, తుడవాల్నా?" ఒకసారి ఫోన్ చార్జర్ కోసం వచ్చిన మనిషిని కూడా పరధ్యానంలో అలాగే అడిగితే, అతను భయపడి దిగి వెళ్లిపోయాడు. మేమంతా పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆ రైతు సంగతి జరిగాకే సొంత సిస్టం తయారు చేసుకున్నాడు. సొంతం అంటే మొదటి నుంచీ రాసిందని కాదు. కంపెనీ పంపిన విండోస్‌నే ఎక్కించకముందు విప్పి, అక్కర్లేనివి తీసేసి, పాత డబ్బాల మీద కూడా పరిగెత్తేలా మలుచుకున్నది. ఆటలు తీసేశాడు, వాతావరణం చెప్పే బొమ్మ తీసేశాడు. అవి చాలామంది తీసేస్తారు. ఈయన డిస్క్ మేనేజ్‌మెంట్ కూడా తీసేశాడు. లోపల ఎన్ని డిస్కులున్నాయో చూపించి, వాటిని పంచి, అక్షరాలు ఇచ్చి, చెయ్యి జారితే మొత్తం తుడిచిపెట్టే పనిముట్టు అది. నల్ల తెర మీద టైపు చేసి అదే పని చేసే ఇంకోటి ఉంటుంది, దాన్నీ తీసేశాడు. ఆయన ల్యాబ్‌లో, నా స్టూడియోలో, ఆయనను నమ్ముకున్న ఇంకొందరి దగ్గర ఈ సిస్టమే ఉండేది. మేం ఎంత తెలివితక్కువగా నొక్కినా పెళ్లిళ్లు చెరిగిపోయేవి కావు.

"అన్నా, ఇంట్ల కత్తి లేకుంటే కూరగాయలు ఎట్ల కోస్తరు?" అని ఏడిపించాను ఒకసారి.

"కత్తి ఉన్నది. ఉట్టి మీద ఉన్నది" అన్నాడు. "తీసుడు వేరు, పారేసుడు వేరు."

తీసేసిన ముక్కలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాన్ని దుకాణం తాళాల గుత్తికి కట్టుకునేవాడు. మాకు డిస్కుతో ఏదైనా పని పడితే బండి వేసుకుని వచ్చేవాడు. ఆ ముక్కలను సిస్టంలో తిరిగి పెట్టి, పని చేసి, మళ్లీ తీసేసి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోయేవాడు. లైన్‌మ్యాన్ ఫ్యూజ్ పీకి జేబులో పెట్టుకుని స్తంభం ఎక్కడం చూశారు కదా, అలా ఉండేది ఆయన వాలకం. నేను కొత్త డిస్క్ కొన్నప్పుడు చేవెళ్ల వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ పనంతా నాకు చూపించాడు. "రెండు ముక్కలుంటయి. కనపడేది ఒకటి, ఎనక పని చేసేది ఒకటి. బోర్డు పెట్టంగనే దుకాణం తెరిచినట్టు గాదు, లోపట మనిషి ఉండాలె" అన్నాడు. ఈ రెండో ముక్కను సిస్టంలో సర్వీస్ అంటారు. అది మేల్కోకపోతే మొదటిది ఊరికే తెర మీద నిలబడుతుంది.

ఆయన కూర్చునే తీరు ఒకటి చెప్పాలి. ఓకే, క్యాన్సిల్ అని తెర మీద చిన్న డబ్బా వస్తుంది కదా, అది రాగానే మౌస్ వదిలేసి రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు. ఆ డబ్బాలో ఉన్నది మొత్తం పైకి చదివేవాడు. తెలుగులో అర్థం చెప్పుకునేవాడు. ఆ తర్వాతే చెయ్యి బయటికి తీసేవాడు. "ఎవరన్న ఏమన్న అడిగితే ఓకే అనుడు మనకు అలవాటు. మర్యాద గద. డబ్బా అడిగినా గట్లనే అంటం" అనేవాడు. బడిపిల్లాడిలా అలా చేతులు ముడుచుకుని కూర్చుంటే మాకు నవ్వొచ్చేది. నా మీద కోప్పడింది మాత్రం ఒకే ఒక్కసారి, చదవకుండా నొక్కినందుకు కాదు, "నాకు భయం లేదన్నా" అన్నందుకు. ఆ రోజంతా నాకు పని ఇవ్వలేదు.

ఇంత భయం ఉన్న మనిషి, ఊరందరి పెళ్లిళ్లకూ రెండేసి కాపీలు పెట్టిన మనిషి, తన పెళ్లికి ఒకటే పెట్టుకున్నాడు. అది పాత టేపు క్యాసెట్. వదిన పుట్టిల్లు మా మొయినాబాద్ పక్కనే ఉన్న ప్రొద్దుటూరు. పెళ్లయిన కొత్తలో, ఆయన ఇంకా ఈ పనిలోకి రాకముందు, వాళ్లింట్లో క్యాసెట్ ఆడించే మిషన్ లేదు. తర్వాత మిషన్లే పోయాయి. క్యాసెట్ పెట్టెలో బూజు పట్టింది. వేలమంది పెళ్లిళ్లు కోసి అతికినాయన పెళ్లాం తన పెళ్లి ఎలా జరిగిందో చూడనే లేదు. పీటల మీద తల దించుకునే ఉన్నానని, పెళ్లికొడుకు నవ్వుతూనే ఉన్నాడని అక్కలు చెప్పారని, ఒక్కసారి చూడాలని వదిన అంటుండేది. పోయిన ఎండాకాలం మా అన్న ఎక్కడినుంచో పాత మిషన్ సంపాదించి, టేపును దూదితో, స్పిరిట్‌తో కొంచెం కొంచెంగా తుడిచి, కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎక్కించాక టేపు ముక్కలు ముక్కలై పోయింది. "మూడో డిస్క్ ముట్టకు చెల్లె, అండ్ల మా ఇంటిది ఉన్నది" అని నాకు చెప్పాడు. వదిన అడిగితే, "గీతలున్నయి, సాఫ్ జేసి చూపిస్త" అనేవాడు. చూపించకుండానే పోయాడు.

దినాలు అయిపోయాక వదిన ఫోన్ చేసింది. "ల్యాబ్ కిరాయికి ఇస్తున్నం. వచ్చేటోళ్లు రేపు సిస్టంలు గూడ తీస్కొని కొత్తగ జేస్కుంటరట. మా పెండ్లి అండ్లనే ఉన్నది. జర వచ్చి తీసియ్యి చెల్లె." కొత్తగా చేసుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ మధ్యాహ్నమే మొయినాబాద్ వెళ్లాను.

ల్యాబ్‌లో వదిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మార్కెట్‌కు కూరగాయల లోడు వేసే ఆమె తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. సిస్టం ఆన్ చేశాను. రెండు డిస్కులు కనబడ్డాయి. మూడోది లేదు.

డబ్బాకు చెవి ఆనించాను. లోపల మూడోది తిరుగుతున్న చప్పుడు వినిపించింది. తిరుగుతున్నదంటే బతికి ఉన్నట్టు కాదు, ఖాళీది కూడా తిరుగుతుంది. పీకి వేరే కంప్యూటర్‌కు పెడదామంటే, దాని వైరు మూతి ఎప్పుడో విరిగితే ఆయనే గమ్ముతో అతికించాడు. లాగితే పిన్నులు ఊడి వస్తాయి. ఇక మిగిలింది ఒకటే దారి, ఆయన తీసేసినదాన్ని తిరిగి పెట్టి చూడడం. ఆయన లేకుండా ఆ పని నేనెన్నడూ చెయ్యలేదు.

"ఏందమ్మా, లేదా?" అంది వదిన.

"ఉన్నదో లేదో చూస్త వదినా. నాకు భయమైతున్నది" అన్నాను. దాచడానికి ఏముంది, గొంతే చెబుతోంది.

తాళాల గుత్తి ఆమె దగ్గరే ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి ముక్కలను వాటి చోట్లలోకి ఎక్కించాను. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. కిటికీ వచ్చింది గానీ లోపల అంతా తెలుపు. సర్వీస్‌తో కలవలేకపోతున్నానని ఒక డబ్బా అడ్డం పడింది. ఒక్క క్షణం అంతా అయిపోయిందనే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, బోర్డు పెట్టాను గానీ లోపల మనిషిని పెట్టలేదు. రెండో ముక్క కూడా పెట్టి, సర్వీస్‌ను లేపి, సిస్టం ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అది లేచేదాకా ఇన్వర్టర్ వైపే చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు కరెంటు పోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఈసారి కిటికీ నిండింది. డిస్కుకు ఒక వరుస వస్తుంది. దాని మీద నీలం పట్టీ ఉంటే లోపల ఏదో ఉన్నట్టు, నల్ల పట్టీ ఉంటే ఖాళీ. మొదటి వరుస నీలం. రెండోది నీలం. మూడోది రావడానికి ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో నేను మొక్కని దేవుడు లేడు. వచ్చింది, నీలం పట్టీయే. హెల్దీ అని కూడా రాసి ఉంది. దానికి అక్షరం మాత్రం లేదు. మా చేతులు పడకుండా ఆయనే అక్షరం తీసేసి దాచిపెట్టాడు. అక్షరం లేని డిస్క్ మామూలుగా ఎవరికీ కనబడదు. మళ్లీ ఒక అక్షరం ఇస్తే చాలు.

అసలు భయం అక్కడ మొదలైంది. ఆ పట్టీ మీద కుడి బటన్ నొక్కితే ఒక జాబితా వస్తుంది. అక్షరం మార్చు అన్న వరుస ఉంటుంది. దాని కిందనే, అంటుకుని, ఫార్మాట్ ఉంటుంది. పెట్టేదీ తుడిచేదీ ఇట్లా పక్కపక్కన ఎవరు రాశారో గానీ, ఆయన చేతులు తొడల కింద ఎందుకు పెట్టుకునేవాడో నాకు ఆ రోజు తెలిసింది. పైగా ఆ మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడే రకం.

వదిన తమ్ముడు నా భుజం మీదుగా వంగి చూశాడు. తనకు తెలిసిన మాట కనబడినట్టుంది. "గదో, ఫార్మాట్ ఉన్నది. కొట్టు చెల్లె, జల్ది అయిపోతది" అన్నాడు.

"కొట్టు మరి" అంది వదిన కూడా, చాలా నమ్మకంగా. "అందరు గదే అడుగుతుండె గద మీ అన్నను."

"వదినా, అది కొడితే మీ పెండ్లి మొత్తం పోతది" అన్నాను. "ఆ మాటకు మంచిగ చేసుడు అని కాదు, తుడుచుడు అని."

ఆమె నావైపు చూసింది, తెర వైపు చూసింది. "గందుకేనా" అంది మెల్లగా. "ఇంట్ల ఎవరన్న ఆ మాటంటే లేచి పోతుండె. నామీద కోపమేమో అనుకుంటుంటి."

తమ్ముడు రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. నేను మౌస్ పక్కకు నెట్టి, చేతులు తొడల కింద పెట్టుకున్నాను. నవ్వు రాలేదు. ఆ జాబితా అంతా పైకి చదివాను, అర్థం చెప్పుకున్నాను, వదినకు కూడా వినబడేలా. కీబోర్డు మీద బాణం గుర్తుతో ఒక్కో వరుసా దిగి, అక్షరం మార్చు దగ్గర ఆగాను. ఎంటర్ కొట్టాను. ఏ అక్షరం అని అడిగింది, అదే ఒకటి చూపించింది. ఇది కూడా చదివాను. ఓకే అన్నాను.

మూడో డిస్క్ తెరుచుకుంది. లోపల ఒకటే ఫైలు ఉంది. దానికి పెట్టుకున్న పేరు "మాది."

వెంటనే చూపించమంది వదిన. చూపించలేదు. ముందు ఒక కాపీ నా డిస్కులోకి, ఇంకోటి ఆమె పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. అవి అయ్యేదాకా ఆమె నన్ను మనసులో ఎన్ని తిట్టిందో తెలియదు. తర్వాత పెట్టిన ముక్కలు రెండూ మళ్లీ తీసేశాను, మరుసటి రోజు వచ్చేవాళ్లు ఆ సిస్టంను ఏం చేసుకున్నా సరే. అప్పుడు ఫైలు తెరిచాను.

రంగులు వెలిసిపోయాయి. మధ్యమధ్యలో తెల్లగీతలు. పందిట్లో పీటల పక్కన పెద్ద ఫోకస్ లైటు, దాని వైరు నేల మీద చాపల మీదుగా పోతోంది. వదిన తల దించుకునే ఉంది. ఆమె చెప్పింది నిజమే. జీలకర్ర బెల్లం పెట్టే వేళ. పెళ్లికొడుకు కుడిచెయ్యి ఆమె తల మీద ఉంది. నుదుటికి బాసికం కట్టిన ఆ సన్నటి పిల్లవాడు మా అన్నని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అతను నవ్వడం లేదు. పెళ్లికూతురిని చూడడం లేదు. కాళ్లు కడిగిన నీళ్లు చాప అంచున పాయగా సాగి, ఆ వైరు వైపు వస్తున్నాయి. వైరుకు టేపు చుట్టిన అతుకు ఉంది. అతను దాన్నే చూస్తున్నాడు. ఎడమచెయ్యి మెల్లగా కిందికి పోయింది. తడిలో పడి ఉన్న ఆమె కొంగును లాగి, తన ఒళ్లోకి తీసుకుని, పిడికిట్లో పట్టుకున్నాడు. పంతులు ఏదో అంటే తల ఎత్తాడు, మళ్లీ నీళ్ల వైపే చూశాడు.

"నా కొంగు గుంజింది ఆయననా" అంది వదిన. "మా ఆడబిడ్డ అనుకున్న చెల్లె. అందరి ముంగట గుంజిందని ఆమె మీద కోపం పెట్టుకున్న."

ఆపనా వదినా అని అడిగాను. వద్దు, నడవనీ అంది. కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకుంది. తెర మీద ఎవరో అక్షింతలు వేశారు, బ్యాండు మోగింది, లైటు పట్టుకున్న మనిషి ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. ఆ పిల్లవాడు వెలుగుకు కళ్లు చికిలించి, వైరు వైపే చూస్తూ, కొంగును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆ పిడికిలి విప్పకముందే టేపు అయిపోయింది.